అత్తయ్యగారి మోకాళ్ళు, ఓడల టైమ్‌టేబుల్, డుబ్రోవ్నిక్

పెద్దవాళ్ళని వెంటబెట్టుకుని డుబ్రోవ్నిక్ ఎలా వెళ్ళొచ్చారని చుట్టాల్లో, ఆఫీసులో అందరూ అడుగుతున్నారు కాబట్టి ఒకేసారి రాసేస్తున్నా. క్రొయేషియాలో ఆడ్రియాటిక్ సముద్రం ఒడ్డున, చుట్టూ రాతి కోట గోడతో ఉండే పాత ఊరు అది. ఆ పేరు ఎత్తింది మా మామయ్యగారు. హిస్టరీ లెక్చరర్‌గా రిటైరయ్యారు. 1991లో యుగోస్లావియా సైన్యం ఆ ఊరిని ముట్టడించి ఫిరంగి గుండ్లు కురిపిస్తుంటే వార్తల్లో చూసినప్పటి నుంచి ఆయన మనసులో ఉందట. అత్తయ్యగారికి ఊరి పేరు నోరు తిరగదు, పైగా మోకాళ్ళ నొప్పులు, వెజిటేరియన్. మా ఆయనకి సెలవు దొరకడమే గొప్ప. కాబట్టి ప్లానింగ్ మొత్తం నా నెత్తిన పడింది.

ముందు వీసా సంగతి. క్రొయేషియా 2023 జనవరి 1న షెంగెన్‌లో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల గుంపులో, చేరింది, అదే రోజు నుంచి అక్కడ యూరోలే. పాత సమాచారంలో కునా (అక్కడి పాత కరెన్సీ) లెక్కలు కనిపిస్తే పక్కన పెట్టేయండి. మాకు తెలిసినవాళ్ళు చెప్పారని ఒక ఏజెంట్ దగ్గరికెళ్తే "క్రొయేషియా లేటవుతుంది మేడమ్, ఫ్రాన్స్‌కి వేసేద్దాం, లోపలికెళ్ళాక ఎక్కడైనా తిరగొచ్చు" అన్నాడు. ఫ్రాన్స్‌లో ఒక్క రాత్రి కూడా ఉండని మేము అక్కడి హోటల్ బుకింగ్ చూపించి వీసా తెచ్చుకోవాలన్నమాట. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటామో ఆ దేశానికే అప్లై చేయాలన్నది రూల్. విమానం ఫ్రాంక్‌ఫర్ట్‌లో మారినా, స్టాంపు జర్మనీ వాళ్ళు వేసినా, మా రాత్రులన్నీ క్రొయేషియాలోనే కాబట్టి అప్లికేషన్ కూడా అక్కడికే. దండం పెట్టి వచ్చేసి నేనే నింపుకున్నా.

కాగితాల్లో కొత్తేమీ లేదు. బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఐటీ రిటర్న్‌లు, మామయ్యగారి పెన్షన్ కాగితాలు, తలా కనీసం 30,000 యూరోల మెడికల్ ఇన్సూరెన్స్, ఏ రోజు ఎక్కడ పడుకుంటామో చెప్పే కవరింగ్ లెటర్. ఫీజు పెద్దవాళ్ళకి తలా 90 యూరోలు, దాని మీద వీసా సెంటర్ వాళ్ళ సర్వీస్ చార్జీ. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే అప్లై చేసుకోవచ్చు, ఆఖరి నిమిషం దాకా ఆగి టెన్షన్ పడటం దేనికి? హోటళ్ళన్నీ క్యాన్సిల్ చేసుకోగలిగేవే పెట్టాను, వీసా చేతికొచ్చాకే విమానం టికెట్లకి డబ్బు కట్టాం.

డుబ్రోవ్నిక్ వెళ్ళినవాళ్ళు చాలామంది పక్కనే మాంటెనెగ్రోలో ఉన్న కోటోర్‌కీ, బోస్నియాలో ఉన్న మోస్టార్‌కీ పొద్దున వెళ్ళి రాత్రికి తిరిగొచ్చేస్తారు. ఆ రెండు దేశాలూ షెంగెన్‌లో లేవు. సింగిల్ ఎంట్రీ వీసా ఉంటే బయటికి కాలు పెట్టాక తిరిగి లోపలికి రానివ్వరు. మేం మల్టిపుల్ అడిగాం, కారణం కూడా రాశాం, అయినా నలుగురికీ సింగిలే ఇచ్చారు. కోటోర్‌ని ప్లాన్‌లోంచి అప్పుడే కొట్టేశాను.

అంతటితో అయిపోతే బాగుండేది. రేట్లు చూసుకుని మేం క్రొయేషియాలోనే ఇంకో ఊరైన స్ప్లిట్‌లో దిగి బస్సులో డుబ్రోవ్నిక్ వెళ్ళేలా టికెట్లు తీసుకున్నాం. మ్యాప్ తీసి చూడండి, క్రొయేషియా తీరం మధ్యలో తెగిపోయి నేయుమ్ అనే చోట బోస్నియా సముద్రం దాకా వచ్చేసి ఉంటుంది. దీని వెనక కథ మామయ్యగారు భోజనాల దగ్గర చెప్పారు. డుబ్రోవ్నిక్ ఒకప్పుడు రగూసా అనే సొంత రిపబ్లిక్. వెనిస్ వాళ్ళతో సరిహద్దు పంచుకోవడం ఇష్టం లేక మధ్యలో ఈ కాస్త నేలనీ ఒట్టోమన్ తుర్కులకి వదిలేసిందట. వాళ్ళు అప్పుడు వదిలిన ముక్క ఇప్పుడు మా వీసాకి అడ్డం వచ్చింది. దీన్ని తప్పించడానికే 2022 జూలైలో పెల్యెషాట్స్ వంతెన తెరిచారు. రెండున్నర కిలోమీటర్లకి కొంచెం తక్కువ పొడవు, దాని మీదుగా పోతే దేశం దాటే పనే లేదు. కానీ బస్సులన్నీ అటు పోవు, కొన్ని పాత దారిలో నేయుమ్ మీదుగానే వెళ్తాయి. సింగిల్ ఎంట్రీ ఉన్నవాళ్ళు టికెట్ కొనే ముందు బస్సువాళ్ళకి రాసి, వంతెన మీదుగానే వెళ్తుందని జవాబు తెప్పించుకోండి. నేను అలాగే తెప్పించుకుని ఫోన్‌లో దాచుకున్నా.

తర్వాత బస. పాత ఊరి లోపలే ఉండాలని మా ఆయన పట్టుబట్టారు. ఫొటోల్లో స్త్రాదున్ అనే పెద్ద వీధి కనిపిస్తుంది, మూడు వందల మీటర్ల పొడవు, సున్నపురాయి పరుపు జనం తొక్కీ తొక్కీ అద్దంలా మెరుస్తూ ఉంటుంది. అది చదునే. కానీ అద్దెకిచ్చే గదులు చాలావరకు దానికి రెండు పక్కలా ఉన్న సందుల్లో ఉంటాయి, ఆ సందులంటే అక్షరాలా మెట్లు. లోపలికి కార్లు రావు, పెట్టెలు మోసుకోవాల్సింది మనమే. గది దాకా ఎన్ని మెట్లున్నాయని అడిగితే ఒక ఇంటావిడ నిజాయితీగా "మీ అత్తగారితో అయితే వద్దు" అని జవాబిచ్చింది. దాంతో పాత ఊరి బయట లపాద్ అనే పేట వైపు వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకున్నాం. నేల చదునుగా ఉంటుంది, ఆరో నంబర్ బస్సు ఎక్కితే పాత ఊరి పిలె గేటు దగ్గర దింపుతుంది. బస్సు టికెట్ డ్రైవర్ దగ్గర కన్నా కియోస్క్‌లో చవక.

వంటగది అన్నాను కదా, సామాను సర్దేటప్పుడు ఒక విషయం. యూరోపియన్ యూనియన్‌లోకి బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం తీసుకెళ్ళకూడదు. అంటే నెయ్యి కూడా. అత్తయ్యగారు గుడ్డ చుట్టి పెట్టిన నెయ్యి డబ్బా తీయించడానికి వీసాకన్నా ఎక్కువ కష్టపడ్డాను. కందిపొడి, ఆవకాయ, రసం పొడి నిక్షేపంగా వచ్చాయి. అక్కడ హోటల్లో బ్లిత్వా అని ఉంటుంది, ఆకుకూర, బంగాళాదుంప, వెల్లుల్లి ఆలివ్ నూనెలో వేసి ముద్దగా చేస్తారు. చేపకి తోడుగా పెట్టేది, విడిగా అడిగినా ఇస్తారు. "తోటకూర వేపుడులో దుంప పడేశారు, అంతేగా" అంటూనే రెండోసారి పెట్టించుకున్నారు అత్తయ్యగారు.

ఇప్పుడు అసలు సంగతి. ఈ ఊళ్ళో ఏం చూడాలన్నది సమస్యే కాదు, అంతా ఒక చిన్న కోట లోపలే ఉంది. ఎప్పుడు చూడాలన్నదే లెక్క. గోడల లోపల కాపురం ఉండేవాళ్ళు రెండు వేల మంది కూడా లేరు, కానీ పెద్ద క్రూయిజ్ ఓడ ఒక్కటొస్తే అంతకు మించి జనం ఒక్కసారిగా దిగుతారు. ఏ రోజు ఏ ఓడ ఎన్నింటికి వస్తుందో పోర్టువాళ్ళు ముందే ఆన్‌లైన్‌లో పెడతారు. నేను ఆ పట్టిక పక్కన పెట్టుకుని, ఓడలు తక్కువున్న రోజు కోట గోడల మీద నడవడానికీ, ఎక్కువున్న రోజు ఊరి బయట తిరగడానికీ కేటాయించాను. మేం సెప్టెంబర్ ఆఖర్లో వెళ్ళాం, అప్పటికి ఎండ తగ్గుతుంది, సముద్రం మాత్రం ఇంకా గోరువెచ్చగానే ఉంటుంది. జూలై, ఆగస్టు నెలల్లో పెద్దవాళ్ళతో వద్దే వద్దు.

గోడల చుట్టూ నడక 1,940 మీటర్లు, ఒకే దిశలో నడవాలి, నీడ దాదాపు ఉండదు, మెట్లు మాత్రం బోలెడు. 2025లో సీజన్‌లో గోడల టికెట్ 40 యూరోలు, ఒక రోజు డుబ్రోవ్నిక్ పాస్ కూడా అంతే, అందులో గోడలతో పాటు మ్యూజియాలు, సిటీ బస్సు కలిసొస్తాయి. కాబట్టి విడి టికెట్ కొనడంలో అర్థం లేదు. మామయ్యగారు, మేమిద్దరం పొద్దున తెరవగానే ఎక్కాం. పైనుంచి చూస్తే ఇళ్ళ పెంకులు రెండు రంగుల్లో ఉంటాయి, కొన్ని మాసిపోయిన గోధుమ రంగు, ఎక్కువ భాగం కొత్త ఎరుపు. ఆ ఎరుపంతా 1991-92 ముట్టడిలో కప్పులు కూలాక మళ్ళీ వేసినదే. ఏ ఇంటి మీద గుండు పడిందో చూపించే మ్యాప్ గేటు దగ్గర గోడకి ఉంది. మామయ్యగారు దాని ముందు నిలబడి కదలరే!

ఆ టైములో అత్తయ్యగారు స్త్రాదున్ మొదట్లో ఓనోఫ్రియో ఫౌంటెన్ మెట్ల మీద కూర్చున్నారు. పదిహేనో శతాబ్దంలో పన్నెండు కిలోమీటర్ల దూరం నుంచి కాలవ కట్టి తెచ్చిన నీళ్ళ ఏర్పాటు అది, ఇప్పటికీ జనం సీసాలు నింపుకుంటారు. ఎదురుగా ఫ్రాన్సిస్కన్ మఠంలో 1317 నుంచి నడుస్తున్న మందుల షాపు ఉంది. గులాబీ క్రీమ్ ఆవిడ అక్కడే కొన్నారు. ఊరి వెనకున్న కొండ మీదికి మెట్లెక్కే పని లేకుండా కేబుల్ కార్ ఉంది, నాలుగు నిమిషాల్లో 400 మీటర్ల పైకి వెళ్ళిపోవచ్చు, కాకపోతే గాలి ఎక్కువగా ఉంటే ఆపేస్తారు, కాబట్టి దాన్ని చివరి రోజుకి దాచుకోకండి.

ఓడలు ఎక్కువున్న రోజు లోక్రుమ్ దీవికి పోయాం. పాత రేవు నుంచి పడవలో పావుగంట. చెట్ల నీడ, రాతి ఒడ్డు, ఎటు చూసినా నెమళ్ళు. ఆస్ట్రియాని ఏలిన హాబ్స్‌బర్గ్ వంశపు యువరాజు మాక్సిమిలియన్ ఆ దీవి కొన్నప్పటి నుంచీ ఉన్నాయంటారు. "ఇన్ని లక్షలు పోసి ఇంత దూరం వచ్చింది నెమళ్ళు చూడటానికా" అన్నారు అత్తయ్యగారు. రాత్రి అక్కడ ఉండనివ్వరు, ఆఖరి పడవ టైము దిగగానే చూసుకోండి.

చలికాలంలో గోడల టికెట్ బాగా తగ్గుతుంది కానీ లోక్రుమ్ పడవలు ఆగిపోతాయి, విమానాలూ తగ్గుతాయి. మా మామయ్యగారు మాత్రం ఈసారి ఫిబ్రవరి 3న వెళ్దామంటున్నారు. ఊరిని కాపాడే సెయింట్ బ్లేజ్ పండగట ఆ రోజు, ఆ సెయింట్ పేరుతో గోవాలో కూడా చర్చి ఉందట. మల్టిపుల్ ఎంట్రీ ఇస్తే కోటోర్ కూడా కలుపుతానన్నాను. ఆ నెలలో ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి నేరుగా దొరక్కపోతే క్రొయేషియా రాజధాని జాగ్రెబ్ మీదుగా రేట్లు చూడాలి.