మెయిల్ పంపాం సరే, చేరిందా? నా వెబ్‌హుక్ పని ఎంతవరకు వచ్చిందంటే

మా అపార్ట్‌మెంట్‌లో 42 ఫ్లాట్లు. నెలనెలా మెయింటెనెన్స్ బిల్లు మెయిల్ చేయడానికి ఫ్లాస్క్ అనే పైథాన్ టూల్‌తో చిన్న యాప్ రాసుకున్నాను. ఓ రోజు మూడో అంతస్తు మాస్టారు లిఫ్ట్ దగ్గర ఆపి, "బాబూ, ఈ నెల బిల్లు రాలేదేం?" అన్నారు. "పంపానండీ" అన్నాను. లాగ్‌లోనూ అలాగే ఉంది. కానీ అది మెయిల్‌గన్‌కి (యాప్‌ల తరఫున మెయిళ్ళు పంపే సర్వీసు) అప్పజెప్పిన లెక్క, ఆయనకి చేరిన లెక్క కాదు. మెయిల్ చేరిందా, ఆగిందా అని మెయిల్‌గన్ తనంతట తనే నా సర్వర్‌కి పంపే కబురే వెబ్‌హుక్. అందుకే మూడు ఆదివారాలు దాంతో కుస్తీ.

మొదటి ఆదివారమంతా సిగ్నేచర్‌కే (కబురు నిజంగా మెయిల్‌గన్ పంపిందేనని చూసుకునే గుర్తు) పోయింది. కబురుతో వచ్చే టైమ్‌స్టాంప్ (సమయం) పక్కనే టోకెన్ (ప్రతి కబురుకీ వేరుగా ఉండే అక్షరాల వరుస) అతికించి (మధ్యలో స్పేస్ కూడా ఉండకూడదు) రహస్య కీతో హెచ్‌మ్యాక్ షా-256 అనే లెక్క కట్టి, వచ్చిన సిగ్నేచర్‌తో పోల్చాలి. ఎంతకీ కలవదు. చూస్తే నేను ఏపీఐ కీ పెట్టాను. దీనికి వెబ్‌హుక్ సైనింగ్ కీ అని వేరే ఉంది. ఇంకో సంగతి, ఈ సిగ్నేచర్‌లో ఈవెంట్ డేటా (ఏ మెయిల్‌కి ఏమైందన్న వివరం) కలవదు. పాత సిగ్నేచర్‌కి కొత్త డేటా తగిలించి ఎవరైనా పంపొచ్చు. అందుకని ఒకసారి వాడిన టోకెన్ మళ్ళీ వస్తే పట్టించుకోవడం లేదు.

రెండో వారం సెక్రటరీ గారి ఫోన్: "ఏంటయ్యా, ఒకే ఫ్లాటు గురించి మూడు అలర్టులు?" తప్పు నాదే. మెయిల్ చేరలేదని ముందు ఆయనకి అలర్ట్ పంపి, తర్వాత ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లో రాసేవాణ్ణి. అది "డేటాబేస్ ఈజ్ లాక్డ్" అనగానే నా సర్వర్ 500 (లోపం జరిగిందనే కోడ్) ఇచ్చేది. 200 (అందిందనే కోడ్) రాకపోతే మెయిల్‌గన్ ఊరుకోదు, అదే కబురు 10 నిమిషాలకి, మళ్ళీ 10కి, ఆపైన 15, 30, తర్వాత గంట, 2 గంటలు, 4 గంటల తేడాతో మళ్ళీ మళ్ళీ పంపుతుంది. (మళ్ళీ పంపొద్దనుకుంటే 406 అనే కోడ్ ఇవ్వాలి.) ఇప్పుడు ఈవెంట్ రాగానే టేబుల్లో పడేసి 200 ఇచ్చేస్తున్నాను. ఈవెంట్ ఐడీ మీద యూనిక్ పెట్టాను కాబట్టి రెండోసారి వస్తే ఎక్కదు. అలర్టుల పని ఐదు నిమిషాలకోసారి తనంతట తనే నడిచే క్రాన్ జాబ్‌ది.

మాస్టారి సంగతీ అప్పుడే తేలింది. ఫెయిల్డ్ ఈవెంట్, సివియారిటీ పర్మనెంట్ (మళ్ళీ పంపినా చేరదు), కోడ్ 550, మెసేజ్‌లో 5.1.1. అంటే ఆ అడ్రసే లేదు. రిజిస్టర్ చూసి టైప్ చేసినప్పుడు చివర 57కి బదులు 75 కొట్టాను. దిద్ది పంపితే డెలివర్డ్ వచ్చింది, వెంటనే నీళ్ళ చార్జీ ఎక్కువేశానని మాస్టారి ఫోనూ వచ్చింది. సివియారిటీ టెంపరరీ అయితే నేను ముట్టుకోను, మెయిల్‌గనే మళ్ళీ ప్రయత్నిస్తుంది.

ఈ వారం ఇంకో తిరకాసు: ఒక ఫ్లాటుకి డెలివర్డ్ ముందొచ్చి, అంతకు ముందటి టెంపరరీ ఫెయిల్యూర్ వెనకొచ్చింది. చేరిన మెయిల్‌కి యాప్ "ఆగింది" అని చూపించింది. ఇక ఏది ముందొచ్చిందని కాకుండా, ఈవెంట్ లోపలి టైమ్‌స్టాంప్ చూసే స్టేటస్ మారుస్తున్నాను.

మెయిల్‌లో కనిపించని బొమ్మ పెట్టి, అది లోడైతే తెరిచారని లెక్కేసే ఓపెన్ ట్రాకింగ్ తీసేశాను. 2021 నుంచి ఆపిల్ మెయిల్ ప్రైవసీ సెట్టింగ్ ఆన్‌లో ఉంటే బొమ్మల్ని ముందే లోడ్ చేసేస్తుంది, మనిషి చదివాడో లేదో దాంతో తెలీదు. ఇక మిగిలింది కంప్లెయిన్డ్ ఈవెంట్. బిల్లుని స్పామ్ అని నొక్కినవాళ్ళకి మెయిల్ ఆపి, కాగితం బిల్లు వాచ్‌మన్‌తో పంపాలని అనుకుంటున్నాను.