70-200 జూమ్: ఎఫ్ 2.8 కొనాలా, ఎఫ్ 4 కొనాలా? నాలుగు నెలల నా అనుభవం

దసరా అయిపోయిన దగ్గర్నుంచి సంక్రాంతి దాటేదాకా నా బుర్రలో ఇదే తిరిగింది. నా దగ్గర నికాన్ డి750 ఉంది, పాతదే కానీ చేతికి బాగా అలవాటైన కెమెరా. దానికి ఒక 70-200 కావాలి, అంటే దూరంగా ఉన్నవాటిని దగ్గరగా చూపించే 70 నుంచి 200 ఎంఎం జూమ్ లెన్స్. కొత్తది కొనే స్తోమత లేదు, సెకండ్ హ్యాండే దిక్కు, కూడబెట్టుకున్నది 80 వేలు. ఆ డబ్బులో నాకు దొరికేవి రెండే: 2009లో వచ్చిన ఎఫ్ 2.8 విఆర్ 2, 2012లో వచ్చిన ఎఫ్ 4 విఆర్. రెండూ 70-200లే, రెండిటికీ చెయ్యి వణుకుని సర్దే విఆర్ ఉంది, రెండూ షార్ప్‌గానే ఉంటాయని అందరూ ఒప్పుకుంటారు. తేడా అల్లా ఆ ఎపర్చర్ నంబర్, అంటే లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం ఎంత తెరుచుకుంటుందో చెప్పే ఎఫ్ నంబర్, ఒక్కటే అనుకున్నాను. ఇక్కడే పొరబడ్డాను, ఆ సంగతి కిందకి వచ్చాక చెబుతాను.

నేను తీసేవి మూడు రకాలు. మా అక్క కూతురు కూచిపూడి నేర్చుకుంటోంది, ప్రోగ్రాములు ఎక్కువగా విజయవాడ తుమ్మలపల్లి కళాక్షేత్రంలో, అక్కడ స్టేజీ ఫొటోలు. తర్వాత చుట్టాల పెళ్లిళ్లు, డబ్బులకి కాదు, ఇష్టం కొద్దీ. ఖాళీ ఆదివారం దొరికితే గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువులో గూడబాతులు, కొంగలు. ఎవరిని అడిగినా ఒకటే మాట, "స్టేజీ ఉంది, పెళ్లిళ్లు ఉన్నాయి, ఇంక ఆలోచన దేనికి, 2.8 తీసుకో, ఎఫ్ 4 కొంటే ఏడాది తిరక్కుండా అమ్మేస్తావు" అని. నేనూ అదే అనుకుని అడ్వాన్స్ ఇవ్వబోయాను కూడా. ఆపింది అరండల్‌పేటలో స్టూడియో ఉన్న బాబాయ్. సొంత బాబాయ్ కాదు, నాన్నగారి స్నేహితుడు, రీల్ కెమెరాల కాలం నుంచీ ఈ పనిలోనే ఉన్న మనిషి. "తొందరపడకమ్మా, నా దగ్గర 2.8 ఉంది, మా కుర్రాడి దగ్గర ఎఫ్ 4 ఉంది, రెండూ పట్టుకెళ్లు, ఒకే ప్రోగ్రాంలో సగం దీంతో సగం దాంతో తీసి అప్పుడు చెప్పు" అన్నారు. అద్దె ఇస్తానన్నా తీసుకోలేదు.

ముందు లెక్క చెప్పేస్తాను, ఇది అర్థమైతే మిగతాదంతా సులువు. ఎఫ్ నంబర్ అంటే లెన్స్ ఫోకల్ లెంగ్త్‌ని, అదే ఆ 70, 200 అనే ఎంఎం అంకెని, ఎంతతో భాగిస్తే ఆ రంధ్రం వెడల్పు వస్తుందో ఆ అంకె. 200 ఎంఎం దగ్గర ఎఫ్ 2.8 అంటే 71 ఎంఎం, ఎఫ్ 4 అంటే 50 ఎంఎం. వెడల్పులో తేడా అంతే కానీ విస్తీర్ణం లెక్కేస్తే ఇంచుమించు రెట్టింపు, అందుకే 2.8లో రెట్టింపు వెలుతురు వస్తుంది, దాన్నే ఒక స్టాప్ అంటాం. అంటే 2.8తో ఐఎస్ఓ (సెన్సర్ వెలుతురుని ఎంత పెంచి చూపిస్తుందో ఆ అంకె) 3200 దగ్గర సెకనులో 1/500 వంతు షట్టర్ స్పీడ్ వస్తే, అదే లైటులో ఎఫ్ 4తో ఐఎస్ఓ 6400కి వెళ్లాలి, లేదంటే 1/250తో సరిపెట్టుకోవాలి. ఆ 71 ఎంఎం రంధ్రానికి తగ్గ గాజు పెట్టాలి కాబట్టే 2.8 బరువు 1,540 గ్రాములు, ఎఫ్ 4 బరువు 850.

కళాక్షేత్రంలో ఆ రోజు మూడు గంటల ప్రోగ్రాం. నాలుగో వరసలో చివరి సీటు. మొదటి సగం 2.8తో తీశాను. లైట్లు ఆర్పి వెలిగించే మధ్యలో, ఆ మసక నీలం లైటులో కూడా ఫోకస్ టక్కున పట్టుకుంది. వ్యూఫైండర్‌లో (కన్ను పెట్టి చూసే కిటికీ) చూసి తీసేటప్పుడు నా కెమెరా లెన్స్ పూర్తిగా తెరుచుకుని ఉండగానే ఫోకస్ చేస్తుంది కాబట్టి 2.8కి ఆ మేలు ఉంటుంది, అందులో బొమ్మ కూడా వెలుగ్గా కనబడుతుంది. ఎఫ్ 4 అదే లైటులో రెండు మూడు సార్లు ముందుకీ వెనక్కీ వెతుక్కుంది. ఇది ఒప్పుకోవాలి.

ఆ రోజు అందరికంటే పెద్దమ్మాయి తరంగం చేసింది, ఇత్తడి పళ్లెం అంచుల మీద నిలబడి. ఆ పాదాల మీదే గురిపెట్టాను. బొటనవేలు, పక్క వేలు పళ్లెం అంచుని ఎలా పట్టుకుంటాయో, పారాణి ఆ అంచు దగ్గర ఎలా చెరిగిపోయిందో, గజ్జెల వరసలో అన్నిటికంటే కింది గజ్జె పళ్లేనికి ఎంత దగ్గరగా ఊగుతుందో, అదంతా 200 దగ్గర కనబడుతుంది. 1/250లో తీసినవాటిలో మొహం బాగానే ఉంది, పాదం మాత్రం అలికినట్టు వచ్చింది. 1/500లో వేళ్లు నిలబడ్డాయి, గజ్జెలు మాత్రమే కొంచెం కదిలాయి, అది చూడ్డానికి బాగుంటుంది కూడా. కాబట్టి నాట్యానికి 1/500 తప్పదు. విఆర్ ఇక్కడ ఏం చెయ్యలేదు, అది నా చేతి వణుకుని సర్దుతుంది కానీ ఆడే పిల్లని ఆపదు. ఎఫ్ 4కి కంపెనీ 5 స్టాప్‌ల విఆర్ అని చెబుతుంది కదా, అదే చాలు అనుకునేవాళ్లు ఇది గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. ప్రకాశం బ్యారేజీ మీద సాయంత్రం లైట్లు తీస్తే మాత్రం ఆ విఆర్ విలువ తెలుస్తుంది, 200 దగ్గర 1/25లో చేత్తో పట్టుకుని తీశాను, గేట్లన్నీ నిలిచి ఉన్నాయి.

రెండో సగం ఎఫ్ 4, ఐఎస్ఓ 6400. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో నూటికి నూరు శాతం పెద్దది చేసి చూస్తే చీకటి తెర మీద ఇసక చల్లినట్టు గ్రెయిన్ ఎక్కువే కనబడింది, గుండె జారింది. కానీ నేను ఫొటోలు చూసేది అలా కాదు, ప్రింట్ వేస్తాను. రెండు లెన్స్‌ల నుంచి ఒకేలాంటివి చెరి మూడు తీసుకుని 12×18 అంగుళాల ప్రింట్లు వేయించి, వెనక పెన్సిల్‌తో గుర్తు పెట్టి, మా అక్కకీ, మా ఆయనకీ, ఆఫీసులో ఇద్దరికీ చూపించాను. ఏది ఏ లెన్స్‌తో తీసిందో ఎవరూ చెప్పలేకపోయారు. గుర్తు చూడకుండా వారం తర్వాత నేను తీసి చూసినా నాకూ తెలియలేదు.

ఇంకో విషయం, 2.8తో తీసిన ఫొటోల వివరాలు ఒక్కొక్కటీ తెరిచి చూస్తే, ఇద్దరు ముగ్గురు పిల్లలు కలిసి ఆడే చోట నా అంతట నేనే ఎఫ్ 4కి తిప్పేసి ఉన్నాను. కారణం సులువే. పది మీటర్ల దూరంలో 200 దగ్గర 2.8లో స్పష్టంగా వచ్చే లోతు సుమారు 40 సెంటీమీటర్లు, ఎఫ్ 4లో 60. ముందు పిల్ల ఒక అడుగు ముందుకేస్తే చాలు, 2.8లో వెనక పిల్ల మొహం మెత్తబడిపోతుంది. అంటే అంత బరువూ మోసుకెళ్లి నేను వాడింది ఎఫ్ 4నే.

బరువు గురించి చాలామంది తేలిగ్గా మాట్లాడతారు. బ్యాటరీతో కలిపి నా కెమెరా 840 గ్రాములు. 2.8తో కలిపితే 2,380, ఎఫ్ 4తో కలిపితే 1,690. కాగితం మీద ముప్పావు కిలో కూడా తేడా లేదు. కానీ గంటన్నర అయ్యాక కుడి మణికట్టు నొప్పెట్టి నేను కెమెరా ఒళ్లో పెట్టుకున్న ప్రతిసారీ ఏదో ఒక మంచి అభినయం పోయింది. అక్క కూతురు పైకి చూసి నవ్విన ఒక క్షణం అలాగే పోయింది, అది ఇప్పటికీ బాధే.

ఇక అసలు సంగతి పెళ్లిలో తెలిసింది. గుంటూరులో మా పిన్ని కూతురి పెళ్లి, రాత్రి ముహూర్తం. మండపంలో వీడియో వాళ్ల లైట్లు ఉంటాయి కాబట్టి వెలుతురుకి లోటు లేదు, జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు రెండు లెన్స్‌లూ సమానంగానే పనిచేశాయి. అంతకుముందు, మంగళసూత్రాలు కట్టిన కొబ్బరిబొండాన్ని పళ్లెంలో పెట్టి పెద్దల చేత తాకించడానికి తిప్పుతారు కదా, అది నా ముందుకి వచ్చింది. నాకు ఆ రెండు పుస్తెలు, పసుపు తాడు ముడి, పక్కన ఒక పెద్దావిడ ముడతలు పడ్డ వేళ్లు, అంతవరకే కావాలి. 2.8 పెట్టి 200కి తిప్పాను, ఎంత ప్రయత్నించినా పళ్లెం మొత్తం వస్తోంది. ఇంకొంచెం దగ్గరికి జరిగితే ఫోకస్ పట్టదు. లెన్స్ పాడైందేమో అని టెన్షన్ వచ్చింది. పళ్లెం అవతలి వరసకి వెళ్లేలోపు ఎఫ్ 4 మార్చి తీస్తే పుస్తెలు ఫ్రేమ్ నిండా వచ్చాయి, మీద చెక్కిన గీతలతో సహా.

మర్నాడు బాబాయ్‌ని అడిగితే లెన్స్ బాగానే ఉంది, దాని స్వభావమే అంత అన్నారు. ఈ విఆర్ 2 మోడల్ దూరంగా ఉన్నవాటికి 200 లాగే ఉంటుంది, దగ్గర్లో ఫోకస్ చేస్తే మాత్రం లోపలి గాజులు జరిగి దాదాపు 135 ఎంఎం లాగా పనిచేస్తుంది. దీన్ని ఫోకస్ బ్రీదింగ్ అంటారు. స్పెసిఫికేషన్లలో కూడా ఇది దాక్కుని ఉంది: 2.8 ఎంత దగ్గర్నుంచి తీసినా వస్తువు సైజులో 0.12 వంతే సెన్సర్ మీద పడుతుంది, ఎఫ్ 4లో 0.27. మామూలు భాషలో చెప్పాలంటే 2.8 ఎంత దగ్గరికి వెళ్లినా ఫ్రేమ్ వెడల్పులో 30 సెంటీమీటర్లు పడుతుంది, ఎఫ్ 4లో 13. పాపిడి బిళ్ళ, వంకీ, జడకుప్పెలు తీసేవాళ్లకి ఇది ఎంత తేడానో చెప్పక్కర్లేదు. పైగా అంత దగ్గర్లో వెనకాల బ్లర్ కూడా ఇంచుమించు సమానమే, 135ని 2.8తో భాగించినా 200ని 4తో భాగించినా వచ్చేది 48, 50. బ్లర్ కోసమే 2.8 అనుకున్నదాన్ని, ఈ లెక్క కాగితం మీద వేసుకుని కాసేపు అలాగే చూస్తూ కూర్చున్నాను. 2016లో వచ్చిన దాని తర్వాతి మోడల్‌లో ఇది చాలావరకు సరిచేశారు, దాని ధర నా 80 వేలకి అందలేదు.

అయిదారు మీటర్ల దూరంలో నిలువెత్తు ఫొటోలకి మాత్రం 2.8 బ్లర్ మెత్తగా, అందంగా ఉంటుంది, అందులో రెండో మాట లేదు. పెళ్లికూతుర్ని గుమ్మం దగ్గర నిలబెట్టి తీసిన ఒక ఫొటోలో వెనక మామిడి తోరణం ఆకుపచ్చ మబ్బులా కరిగిపోయింది. ఎఫ్ 4లో అది తోరణం అని తెలుస్తోంది.

ఉప్పలపాడు సంగతి రెండు ముక్కల్లో. పొద్దున్న పూట వెలుతురు బోలెడంత, రెండు లెన్స్‌లనీ ఎఫ్ 5.6కే పెట్టాను, తేడా లేదు. చెరువు మధ్య చెట్ల మీద పిట్టలకి నా కెమెరాలో 200 ఎలాగూ చాలదు. పిట్టలే ముఖ్యం అయితే 2.8 మీద 1.4 కన్వర్టర్ (లెన్స్‌కీ కెమెరాకీ మధ్య పెట్టి 200ని 280 చేసే ముక్క) పెట్టినా ఎఫ్ 4 దగ్గరే ఉంటాం, ఎఫ్ 4 మీద పెడితే 5.6 అవుతుంది, ఆ లెక్క చూసుకోండి.

అయినా మనసు పూర్తిగా తేల్చుకోలేదు. 2.8 ఒకటి మంచి ధరకి వస్తోందని తెలిసి చూడ్డానికి వెళ్లాను. పైకి కొత్తదానిలా మెరుస్తోంది. బాబాయ్ చెప్పినట్టు ఎపర్చర్ పూర్తిగా తెరిచి, వెనక నుంచి ఫోన్ టార్చ్ వేసి ముందు గాజులోంచి ఏటవాలుగా చూస్తే లోపల సాలెగూడు పోగుల్లాంటి సన్నటి తెల్ల గీతలు. ఫంగస్. అమ్మే అతను అది దుమ్మేనండీ అని వాదించాడు, దుమ్ము చుక్కల్లా ఉంటుంది కానీ కొమ్మలు వెయ్యదు. వచ్చేశాను. కృష్ణ ఒడ్డున ఉండే ఊళ్లు మనవి, వానాకాలం గాలిలో తేమ ఎక్కువ, దయచేసి లెన్స్‌ని తోలు సంచిలో పెట్టి బీరువాలో బట్టల మధ్య దాచకండి, గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టుకోండి. సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు ఈ టార్చ్ పరీక్ష, ఫోకస్ తిప్పినప్పుడు కీచుమనే శబ్దం, విఆర్ వేసినప్పుడు వ్యూఫైండర్‌లో బొమ్మ నిలబడుతోందా లేదా, ఈ మూడూ చూడకుండా డబ్బులు ఇవ్వద్దు.

చివరికి సంక్రాంతి తర్వాత ఎఫ్ 4 కొన్నాను, 54 వేలు. మిగిలినదాంట్లో 24 వేలు పెట్టి జూమ్ లేని 85 ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్ తీసుకున్నాను, అదీ సెకండ్ హ్యాండే. 350 గ్రాములు. నిజంగా చీకటైతే 2.8 కంటే ఎఫ్ 1.8 ఒక స్టాప్ పైనే ఎక్కువ వెలుతురు ఇస్తుంది, పెళ్లికూతురి ఫొటోకి నేను కోరుకున్న ఆ కరిగిపోయే తోరణం కూడా దీంట్లో వస్తుంది. ఇంకో కలిసొచ్చిన విషయం, రెండిటికీ ఫిల్టర్ సైజు 67 ఎంఎమ్మే, ఒక పోలరైజర్ (మెరుపు తగ్గించే ఫిల్టర్) రెండిటికీ సరిపోతోంది. 2.8కి అయితే 77 కొనాల్సి వచ్చేది.

వారం వారం పెళ్లిళ్లు తీసి దాని మీదే బతికేవాళ్లకి నా మాట పనికిరాదు. దూరంగా నిలబడి, ఎవరు ఎప్పుడు లైటు ఆర్పుతారో తెలియని చోట, లెన్స్ మార్చే టైము కూడా లేకుండా తీసేవాళ్లకి 2.8 కావాల్సిందే, మా బాబాయ్ కూడా అదే వాడతారు. నాట్యంలో నాకూ ఒక స్టాప్ తక్కువైన బాధ అప్పుడప్పుడూ ఉంది, ముఖ్యంగా ఎర్ర లైటు ఒక్కటే వేసినప్పుడు ఫోకస్ వెతుక్కుంటుంది. దానికి నేను చేసుకున్న ఏర్పాటు ఏంటంటే గంట ముందే వెళ్లి రెండో వరసలో కూర్చుని అలాంటి అంశాలకి 85 పెట్టుకోవడం.

ఎఫ్ 4తో స్టాండుకి బిగించే కాలర్ రాదు, విడిగా కొనాలి. ఇంకా కొనలేదు. వచ్చే నెల పిల్ల ప్రోగ్రాం మూడున్నర గంటలట, అప్పటికి బాబాయ్ వాళ్ల కుర్రాడి దగ్గర అడిగి తెచ్చుకోవాలి.