"ప్రాబ్లమ్ ఉంటే రండి" అంటే ఎవరొస్తారండీ?

యూనివర్సిటీల్లో పర్సనల్ ట్యూటర్లం, అంటే కొంతమంది స్టూడెంట్ల చదువూ బాగోగులూ చూసుకోమని అప్పగించిన లెక్చరర్లం, అందరం ఫస్ట్ వీక్‌లో ఒకటే డైలాగ్ కొడతాం, "ఏదైనా ప్రాబ్లమ్ ఉంటే ఎప్పుడైనా రండి" అని. వినడానికి బానే ఉంటుంది గానీ, ఆ మాట పట్టుకుని వచ్చేదెవరో చూడండి. ఇంట్లో అమ్మానాన్నలు డిగ్రీలు చేసినవాళ్లు, పెద్దవాళ్లతో మాట్లాడటం చిన్నప్పట్నుంచీ అలవాటున్నవాళ్లు, ఎనభై మార్కులొస్తే తొంభై ఎందుకు రాలేదని అడగడానికొచ్చేవాళ్లు. అసలు అవసరం ఉన్నవాళ్లు రారు. ఇంట్లో అందరికన్నా ముందు యూనివర్సిటీ గడప తొక్కిన పిల్లాడు తలుపు మీద "ఆఫీస్ అవర్స్" అని చూసి, అది స్టూడెంట్లు వచ్చి కలవడానికి పెట్టిన టైమ్ అని తెలియక, సార్ పనిలో ఉంటారేమో డిస్టర్బ్ చేయకూడదు అనుకుని వెనక్కెళ్లిపోతాడు. నైట్ షిఫ్ట్ చేసి వచ్చేవాళ్లకి మధ్యాహ్నం మూడింటి స్లాట్ దేనికి పనికొస్తుంది? పిల్లలు పెద్దయ్యాక మళ్లీ చదువు మొదలెట్టిన ఆవిడకి తనకన్నా చిన్నవాడి ముందు "అర్థం కాలేదు" అనాలంటే మొహమాటం.

అందుకే వాళ్లు వచ్చేదాకా కూర్చోకుండా మనమే టైమ్ ఇచ్చి పిలవాలి, అదీ వెనకబడ్డవాళ్లని మాత్రమే కాదు, అందర్నీ. అందర్నీ పిలిస్తే ఎవరి మీదా ముద్ర పడదు.

పిలిచాక ఏం అడుగుతామన్నది ఇంకో కథ. "ఎలా ఉన్నావ్" అంటే "బానే ఉన్నా సార్" అంటారు, చూపు తలుపు మీదే ఉంటుంది. దానికన్నా మొన్న దిద్దిచ్చిన అసైన్‌మెంట్ తెచ్చుకోమనండి. "విశ్లేషణ తక్కువ" అని కామెంట్ ఉంటుంది, దీనికి ఏం చేశావ్ అంటే "ఇంకో రెండు పేజీలు ఎక్కువ రాశా సార్" అంటాడు. తప్పు వాడిది కాదు, ఆ మాటకి అర్థమేంటో ఎవరూ చెప్పలేదు మరి! అక్కడ్నుంచి మాట్లాడితే పది నిమిషాల్లో హాస్టల్, డబ్బులు, నిద్ర అన్నీ వాటంతటవే బయటికొస్తాయి.

ఇది ఉత్త మాట కాదండోయ్. న్యూయార్క్ సిటీ యూనివర్సిటీ వాళ్లు 2007లో తమ కమ్యూనిటీ కాలేజీల్లో, అంటే రెండేళ్ల డిగ్రీ కాలేజీల్లో, ఏఎస్ఏపీ అని ప్రోగ్రామ్ పెట్టారు, ఒక్కో అడ్వైజర్‌కి 60 నుంచి 80 మంది స్టూడెంట్లే, రెగ్యులర్‌గా కలవడం తప్పనిసరి, బస్సు, ట్రైన్ పాస్ కూడా ఇచ్చారు. లాటరీ పద్ధతిలో రెండు గ్రూపులు చేసి చూస్తే మూడేళ్లలో డిగ్రీ పూర్తి చేసినవాళ్లు ఇందులో 40 శాతం, మామూలు గ్రూపులో 22 శాతం. అందులో పాస్‌ల వాటా ఎంత, అడ్వైజర్ వాటా ఎంత అని విడదీయలేం, కానీ మామూలు గ్రూపులో ఒక్కో అడ్వైజర్‌కి 600 మంది పైనే ఉన్నారన్నది మాత్రం గుర్తుంచుకోండి, అంతమందికి పేర్లే గుర్తుండవు.

డిజేబిలిటీ ఉన్న స్టూడెంట్ అయితే తన కథంతా ప్రతి ఆఫీసులో మొదట్నుంచీ చెప్పుకోవాల్సిన ఖర్మ ఉండకూడదు, తను ఒప్పుకుంటే ట్యూటరే ఒక్కసారి రాసి అందరికీ పంపొచ్చు. మనసు బాగోలేదని చెప్పినవాళ్లకి మనం డాక్టర్ వేషం వేయొద్దు, అలాగని నంబర్ చేతిలో పెట్టి పంపించేయొద్దు, వీలైతే కౌన్సెలర్ రూమ్ దాకా తోడెళ్లండి.

ఇక మేనేజ్‌మెంట్ సంగతి. పేపర్లు పబ్లిష్ చేస్తే ప్రమోషన్‌కి లెక్క, స్టూడెంట్లని ఇలా కలవడానికి టైమ్‌టేబుల్లో గంట కూడా ఉండదు, లంచ్ టైమ్‌లో చేసుకోమంటారు. ఆ గంటలు వర్క్‌లోడ్‌లో కలపనంతకాలం ఓపికున్న ఇద్దరు ముగ్గురు లెక్చరర్ల దగ్గరే స్టూడెంట్లు క్యూ కడతారు, మిగతావాళ్ల రిజిస్టర్లలో కలిసినట్టు సంతకాలు మాత్రం నిండుగా ఉంటాయి.