గేట్లు లేని స్టేషన్ల టికెట్ సంగతి

నల్లగొండ నుంచి దిల్‌సుఖ్‌నగర్ పోయే బస్సుల టికెట్ గురించి పెద్దగ ఆలోచించే పని లేదు. కండక్టరే సీటు సీటుకు వచ్చి అడుగుతడు. 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి మొదలైనంక ఉచితంగ పోయే ఆడోళ్లకు సుత జీరో టికెట్ కొట్టి చేతిల పెడ్తున్నరు. సూర్యాపేట, దేవరకొండ, మహబూబ్‌నగర్ దిక్కు నుంచి చదువుకో కొలువుకో బెర్లిన్ వచ్చే పిల్లలు ఈ అలవాటుతోనే దిగుతరు. ఇక్కడ ట్రైన్ల కండక్టర్ ఉండడు. మెట్రో స్టేషన్లకు గేట్లు సుత ఉండవు, ఎవరైనా సీదా ప్లాట్‌ఫాం మీదికి నడిచిపోవచ్చు. టికెట్ ఎవరూ చూడరని దీనికి అర్థం కాదు.

చెకింగోళ్లు మామూలు బట్టల్ల ఎక్కుతరు, తలుపులు మూసుకున్నంక కార్డు తీసి చూపిస్తరు. టికెట్ లేకుంటే 60 యూరోలు. 2015 దాకా 40 ఉండె. కొత్తగ వచ్చిన, భాష రాదు అంటే నడవది.

మనోళ్లు దొరికేది ఎక్కువగ తెలియకనే. కాగితం టికెట్ కొంటే సరిపోదు. ప్లాట్‌ఫాం మీద చిన్న డబ్బా ఉంటది, ట్రైన్ ఎక్కకముందే అందుల పెట్టి తేదీ, టైం ముద్ర వేయించాలె. ముద్ర లేని టికెట్ జేబుల ఉన్నా లేనట్టే లెక్క. రెండోది జోన్ల సంగతి. ఊరి నడుమ ఏ జోన్, ఊరి పొలిమేర దాకా బీ జోన్, విమానాశ్రయం సీ జోన్ల ఉంటది. దిగిన రోజే ఏబీ టికెట్ కొని విమానాశ్రయం స్టేషన్ల ట్రైన్ ఎక్కితే అది చెల్లది, ఏబీసీ కొనాలె. ఒక టికెట్ రెండు గంటలు నడుస్తది, కానీ ఒక దిక్కుకే. పోయి అదే టికెట్ మీద తిరిగి రావద్దు. ఫోన్ల కొనేటోళ్లు ఎక్కకముందే కొనాలె. చెకింగోళ్లను చూసి కొంటే అండ్ల టైం కనబడుతది. ఛార్జింగ్ అయిపోయి ఫోన్ బందైతే చూపించే బాధ్యత మీదే.

రోజూ గోదాముకో హోటల్‌కో పనికి పోయేటోళ్లకు డాయిచ్‌లాండ్ టికెట్ అనే నెల పాసు మంచిది. 2026 జనవరి నుంచి నెలకు 63 యూరోలు. దేశమంతట సిటీ బస్సులు, ట్రాములు, లోకల్ రైళ్లు ఎక్కవచ్చు, ఐసీఈ లాంటి దూరపు రైళ్లు ఎక్కరాదు. వద్దనుకుంటే ముందు నెల 10వ తారీఖు లోపల రద్దు చేయాలె, లేకుంటే ఇంకో నెల పైసలు పోతయి. అది మీ పేరు మీదనే ఉంటది, రూమ్మేట్‌కు ఇవ్వరాదు.

టికెట్ ఎగవేత మీద ఇక్కడి జనంల రెండు మాటలు వినబడతయి. టికెట్ కొనేటోళ్ల మీద భారం పడుతది కాబట్టి అది దొంగతనమే అని కొందరంటరు. జర్మనీ శిక్షాస్మృతి 265ఏ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు సుత పడొచ్చు. ఆ సెక్షన్ 1935 నాటిది. కోర్టు వేసిన జరిమానా కట్టలేని పేదోళ్లు నిజంగనే జైలుకు పోతున్నరు. ఇది అన్యాయమనేటోళ్లు సుత మస్తుమంది. 2021ల మొదలైన ఫ్రైహైట్స్‌ఫోండ్స్ అనే సంస్థ చందాలతో జరిమానా కట్టి అట్లాంటోళ్లను విడిపిస్తున్నది. డ్యూసెల్‌డార్ఫ్, కొలోన్ నగరాలు 2023లనే ఇసొంటి కేసులు పెట్టుడు ఆపాలని నిర్ణయించినయి. టికెట్ పైసలకు మనిషిని జైల్ల పెట్టుడు తప్పే. కానీ వీసా మీద ఉన్నోళ్లు ఈ చర్చను నమ్ముకొని టికెట్ లేకుండ ఎక్కవద్దు. మళ్లమళ్ల దొరికితే పోలీసు ఫిర్యాదు అయితది. విచారణ నడుస్తున్నంత కాలం పౌరసత్వం దరఖాస్తు ఆగుతది.

ఒకవేళ దొరికితే వాదించకుండ పాస్‌పోర్టో రెసిడెన్స్ కార్డో చూపించి, చీటీ తీసుకోండ్రి. మీ పేరు మీద నెల టికెట్ ఉండి ఆ రోజు మర్చిపోతే వారం లోపల చూపిస్తే 7 యూరోలతో అయిపోతది. లేకుంటే చీటీ మీది నంబర్ రాసి గడువు లోపల కట్టండ్రి. ఇల్లు మారినోళ్లు జాగ్రత్త: నోటీసు పాత అడ్రస్‌కు పోతది, ఆలస్యమైన కొద్ది వసూలు ఖర్చులు 60కి పైన కలుస్తనే ఉంటయి.