బోడియం కోటలో కర్జన్

లండన్ చేరింగ్ క్రాస్‌లో హేస్టింగ్స్ వైపు వెళ్లే రైలెక్కి రాబర్ట్స్‌బ్రిడ్జ్‌లో దిగేవరకు ఏ ఇబ్బందీ లేదు. అక్కడి నుంచి బోడియం కోట ఐదు మైళ్లే. కానీ ఆదివారం, బస్సు దొరకలేదు. టాక్సీ అతను తీసుకున్న డబ్బుతో గుంటూరు నుంచి హైదరాబాదుకు ఏసీ బస్సులో వెళ్లి రావచ్చు. మా అబ్బాయి ‘ఇక్కడ ఇంతే నాన్నా’ అన్నాడు కానీ నాకు కడుపు మంట తగ్గలేదు.

కోట కనబడ్డాక తగ్గింది. చుట్టూ చెరువంత కందకం, నిండా నీళ్లు. నాలుగు మూలలా గుండ్రటి బురుజులు నేరుగా నీళ్లలోంచే లేచినట్టుంటాయి. ఫ్రాన్సు యుద్ధాల్లో బాగా గడించి వచ్చిన సర్ ఎడ్వర్డ్ డాలింగ్రిగ్ 1385లో రెండో రిచర్డ్ రాజు దగ్గర అనుమతి పుచ్చుకుని కట్టించాడు. అప్పుడు మా కొండవీట్లో అనవేమారెడ్డి ఏలుబడి. కొండల మీదుగా సాగిపోయే ఆ గోడలను చూసి పెరిగిన నాకు ఇది కోటకన్నా కలవారి ఇల్లులాగే తోచింది. కందకానికి గండి కొడితే నీళ్లన్నీ పోతాయని, యుద్ధం కంటే దర్పం కోసమే కట్టాడని వాదించే చరిత్రకారులూ ఉన్నారు.

సింహద్వారంలో తలెత్తితే పైనుంచి కిందికి దించే చెక్క జాలీ తలుపు కనిపిస్తుంది. ఓక్ దూలాలకు ఇనుప రేకుల తాపడం, కింద మొనదేలిన పళ్లు. లోపలికి అడుగుపెడితే మాత్రం అంతా ఆకాశమే. పదిహేడో శతాబ్దపు అంతర్యుద్ధం రోజుల్లో లోపలి భాగాలను ఊడదీశారు. పైకప్పుల్లేవు, పై అంతస్తుల నేలలు లేవు. గోడకు అంత ఎత్తున ఒక పొయ్యి మాత్రం మిగిలింది. దాని ముందు నిలబడి చలి కాచుకోవడానికి అడుగు మోపే చోటు లేదు. దాన్నే చాలాసేపు చూశాను.

అక్కడున్న వాలంటీరు పెద్దాయన దగ్గరికొచ్చి, ‘మీది భారతదేశమా? అయితే ఈ కోటను కాపాడినాయన మీకు తెలిసే ఉండాలి, లార్డ్ కర్జన్’ అన్నారు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో కొని, తర్వాత కందకం నీళ్లు తోడించి, గోడలు బాగు చేయించి, 1925లో చనిపోతూ పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థకు రాసిచ్చారట. ఆయన గొంతులో ఎంత కృతజ్ఞతో!

మా చరిత్ర మాస్టారు ఆ పేరును పళ్లు కొరుకుతూ పలికేవారు. మన దేశానికి వైస్రాయ్‌గా ఉండి 1905లో బెంగాల్‌ను రెండు ముక్కలు చేసినవాడు. ఆ నిప్పు మన దాకా వచ్చింది. 1907లో బెంగాల్ జాతీయ నాయకుడు బిపిన్ చంద్రపాల్ రాజమండ్రిలో ప్రసంగించారు. వందేమాతరం అన్నందుకు విద్యార్థులు కళాశాలలకు దూరమయ్యారు.

అయినా ఆ కర్జనే 1904లో మన ప్రాచీన కట్టడాల రక్షణకు చట్టం తెచ్చాడు. పడుకున్న పురావస్తు శాఖను లేపి 1902లో జాన్ మార్షల్‌ను తెచ్చి కూర్చోబెట్టాడు. అలెగ్జాండర్ రీ మా అమరావతిలో తవ్వకాలు జరిపింది ఆ రోజుల్లోనే. రాళ్ల మీద అంత ప్రేమ ఉన్నవాడికి బెంగాల్ మనుషుల మొర ఎందుకు వినబడలేదో నాకు ఎప్పటికీ అర్థం కాదు. ఆ గోడల మధ్య నాకు కోపమూ వచ్చింది, వాటిని నిలబెట్టినందుకు మర్యాదా కలిగింది. ఒకదాని కోసం రెండోదాన్ని వదులుకోను.

ఇదంతా ఆ పెద్దాయనతో చెప్పాను. బెంగాల్ సంగతి ఆయనకు తెలియదు. మధ్యలో ఒక్క మాటా అడ్డురాకుండా విని, ద్వారం దగ్గరున్న ఇంకో వాలంటీరమ్మను చేయెత్తి పిలిచి, ‘ఈమెకు కూడా మొదటినుంచీ చెప్పండి’ అన్నారు. మా అబ్బాయి రైలు టైము గుర్తు చేశాడు. నేను మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి రాజమండ్రి దగ్గర ఆగి, ట్రైనింగ్ కాలేజీ నుంచి బహిష్కరించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి పేరు కూడా చెప్పాను.