మీగడ తేలాలి

నేను కలిపిన మొదటి ఐరిష్ కాఫీ వెనక్కి వచ్చింది. డిసెంబర్ రెండో వారం, శుక్రవారం రాత్రి. ఐర్లాండ్‌లోని లిమెరిక్‌లో నేను పార్ట్ టైమ్ చేస్తున్న హోటల్ బార్ నిండా ఆఫీసు పార్టీల వాళ్లే. ఒక పెద్దాయన గ్లాసు పట్టుకుని కౌంటర్ దగ్గరికి వచ్చి, "రుచి బాగానే ఉందమ్మా, కానీ ఇది ఐరిష్ కాఫీ కాదు" అన్నారు. మర్యాదగానే అన్నారు. చూస్తే క్రీమంతా కాఫీలోకి దిగిపోయి, మా ఇంట్లో పొద్దున్నే తాగే పాల కాఫీ రంగులో ఉంది. చూస్తూ ఉండిపోయాను. తప్పెక్కడ జరిగిందో తెలియలేదు.

మా సూపర్‌వైజర్ క్లేర్ కౌంటీ ఆవిడ. యాభై దాటి ఉంటాయి. ఆ పెద్దాయనకి ఇంకొకటి తనే కలిపి ఇచ్చి, నన్ను ఏమీ అనలేదు. రద్దీ తగ్గాక మాత్రం లోపలికి పిలిచి, "ముందు మీగడ తేలాలి. మిగతా సంగతి తర్వాత" అని మొదలుపెట్టింది.

కాడ ఉన్న గాజు గ్లాసులో ముందు మరిగిన నీళ్లు పోసి ఉంచాలి. గాజు వేడెక్కాక ఆ నీళ్లు పారబోయాలి. లేకపోతే టేబుల్ చేరేలోపే కాఫీ సగం చల్లారిపోతుంది. తర్వాత బ్రౌన్ షుగర్, దాని మీద చిక్కటి బ్లాక్ కాఫీ. పంచదార ఒక్క పలుకు కూడా మిగలకుండా కరిగేదాకా తిప్పాలి. ఆ తర్వాత ఐరిష్ విస్కీ. ఇక్కడి పబ్బుల్లో ఒక కొలత అంటే 35.5 మిల్లీలీటర్లు. అంతర్జాతీయ బార్‌టెండర్ల సంఘం లెక్క వేరు. వాళ్ల ప్రకారం 50 మిల్లీలీటర్ల విస్కీ, 120 కాఫీ, 50 క్రీమ్, ఒక చెంచా పంచదార. లెక్క ఏదైనా, కష్టమంతా క్రీము దగ్గరే.

క్రీము బాగా గిలక్కొడితే కేకు మీద ఉన్నట్టు గట్టిపడుతుంది. అది పైన ముద్దలా కూర్చుంటుంది, ముక్కుకి అంటుకుంటుంది, కింద కాఫీ నోట్లోకి రాదు. అసలు గిలక్కొట్టకపోతే మునిగిపోతుంది. ఈ రెండింటికీ మధ్యలో ఒక దశ ఉంది. గిన్నె వంచితే దోసెపిండిలా జారాలి. అప్పుడు చెంచా బోర్లించి, దాని వీపు కాఫీ మీద ఆనీ ఆననట్టు పెట్టి, దాని మీదుగా మెల్లగా వదలాలి. తెల్లటి పొర, నల్లటి కాఫీ, మధ్యలో గీత గీసినట్టు ఉండాలి. తాగేవాళ్లు చెంచాతో కలపకూడదు. చల్లటి క్రీములోంచి వేడి కాఫీ పెదవులకి రావాలి.

నేను మందు తాగను. అందుకని విస్కీ వృథా చెయ్యకుండా దాని బదులు నీళ్లు పోసి నేర్చుకున్నాను. నాలుగు రోజుల్లో చెయ్యి కుదిరింది. అయిదో రోజు ఆర్డర్ వచ్చింది. పంచదార తక్కువ వెయ్యమన్నారు, వేశాను. మళ్లీ మునిగింది! పంచదార రుచి కోసమే అనుకున్నాను అప్పటిదాకా. వేడి కాఫీ చల్లటి కాఫీ కంటే తేలిక. అందులో విస్కీ పోస్తే ఇంకా తేలికవుతుంది. ఆ బరువు పూడ్చేది పంచదారే. అది కరిగి కాఫీని బరువెక్కిస్తే, గాలి పట్టిన క్రీము పైన నిలుస్తుంది. ఇప్పుడు ఎవరైనా పంచదార వద్దంటే, క్రీము కొంచెం దిగవచ్చని ముందే చెప్పి కలుపుతాను.

ఇదంతా అమ్మకి చెప్పడానికి నాకు రెండు నెలలు పట్టింది. స్టూడెంట్ వీసా మీద వచ్చిన వాళ్లకి ఇక్కడ చదువు రోజుల్లో వారానికి 20 గంటల పని, డిసెంబర్ 15 నుంచి జనవరి 15 దాకా, మళ్లీ వేసవిలో 40 గంటలు. అద్దె, లోను వడ్డీ అందులోంచే రావాలి. హోటల్లో పని అని మాత్రమే చెప్పాను, బార్ అనలేదు. తెలిసిన రోజున అమ్మ, "మందు పోసే పనికా తల్లీ, ఇల్లు తాకట్టు పెట్టి పంపింది" అంది. ఆ మాట ఇప్పటికీ గుర్తొస్తుంది. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు నేనే ఫోన్ చేసి, "అమ్మా, నేను కలిపేది కాఫీ" అని మొదలుపెట్టి మొత్తం చెప్పాను. విస్కీ దగ్గర మౌనంగా ఉంది. మీగడ తేలడం దగ్గరికి వచ్చేసరికి, "పంచదార ముందే వేస్తారా? మనం చివర కదూ" అంది.

మా అమ్మకి కాఫీ అంటే ఆషామాషీ వ్యవహారం కాదు. తెనాలిలో కాఫీపొడి కొట్టుకి వెళ్లి, పీబెర్రీ గింజ ఎంత, చికోరీ ఎంత చెప్పి, కళ్ల ముందు పట్టిస్తేనే తెస్తుంది. తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి స్టీలు ఫిల్టర్‌లో వేడి నీళ్లు పోస్తుంది. చలికాలంలో అది ఇక్కడ రాత్రి పదకొండు. నేను కౌంటర్ తుడిచే వేళకి అక్కడ డికాషన్ దిగుతూ ఉంటుంది. మా మాటలన్నీ ఆ అరగంటలోనే.

ఏప్రిల్‌లో ఒక సెలవు దొరికితే ఫోయిన్స్ వెళ్లాను. లిమెరిక్ నుంచి పడమటికి సుమారు 35 కిలోమీటర్లు, షానన్ నది సముద్రంలో కలిసే దారిలో చిన్న ఊరు. 1939 నుంచి 1945 దాకా అట్లాంటిక్ దాటే విమానాలకి ఇదే మజిలీ. రన్‌వే లేదు. అవి నీళ్ల మీద దిగే విమానాలు. నదిలో దిగితే, పడవల్లో ప్రయాణికుల్ని ఒడ్డుకి తెచ్చేవారు. ఇప్పుడక్కడ మ్యూజియం ఉంది, 1989లో తెరిచారు. లోపల ఆనాటి నీటి విమానం బోయింగ్ 314 నిలువెత్తు నమూనా కట్టిపెట్టారు. ఎక్కి కూర్చోవచ్చు. పడుకునే బెర్తులు కూడా ఉన్నాయి.

1943 చలికాలంలో ఒక రాత్రి ఇక్కడినుంచి అట్లాంటిక్ అవతల న్యూఫౌండ్‌లాండ్‌లోని బాట్‌వుడ్‌కి బయల్దేరిన విమానం, కొన్ని గంటలు ఎగిరాక వాతావరణం మరీ పాడవడంతో వెనక్కి తిరిగింది. వస్తున్నామని మోర్స్ సంకేతాల్లో కబురు పంపారు. ఇంటికెళ్లిన సిబ్బందిని మళ్లీ పిలిపించారు. అక్కడి రెస్టారెంట్‌లో షెఫ్ జో షెరిడాన్, టైరోన్ కౌంటీ మనిషి. వణుకుతూ దిగిన వాళ్లకి ఏదైనా వేడివేడిగా ఇవ్వాలని కాఫీలో విస్కీ పోసి, పైన క్రీము తేల్చి ఇచ్చాడు. ఇది బ్రెజిల్ కాఫీయా అని ఒకరు అడిగితే, కాదు ఐరిష్ కాఫీ అన్నాడని అక్కడ చెప్పుకుంటారు.

ఆ మాట నిజంగా అన్నాడో లేదో గానీ, నాకు ఆ సిబ్బందే కళ్ల ముందు కదులుతారు. డ్యూటీ అయిపోయి ఇంటికెళ్లి బూట్లు విప్పాక, చలిలో మళ్లీ రమ్మంటే వచ్చినవాళ్లు. అలా పిలిస్తే ఎలా ఉంటుందో హోటల్ పని చేసినవాళ్లకి తెలుస్తుంది. వచ్చి, ఉన్నవాటితో సరిపెట్టేద్దాం అనుకోకుండా, ఒక మనిషి గ్లాసు వేడి చేసి క్రీము గిలక్కొట్టాడు. నది ఒడ్డున నిలబడితే ఏప్రిల్లోనే గాలి ఎముకల్లోకి దిగుతోంది. ఆ రాత్రి ఆ కాఫీ వాళ్లకి ఎంత అవసరమో అర్థమైంది.

యుద్ధం అయ్యాక రన్‌వేల మీద దిగే విమానాలొచ్చాయి. ఫోయిన్స్ మూతపడి, పని నది అవతలి ఒడ్డున ఉన్న షానన్ విమానాశ్రయానికి మారింది. ప్రపంచంలో మొదటి డ్యూటీ ఫ్రీ దుకాణం కూడా అక్కడిదే, 1947లో. షానన్‌లో ఈ కాఫీ తాగి, దాన్ని అమెరికా తీసుకెళ్లిన మనిషి స్టాంటన్ డెలప్లేన్, శాన్‌ఫ్రాన్సిస్కో క్రానికల్ పత్రికలో ప్రయాణాల గురించి రాసేవాడు. 1952 నవంబర్ 10 రాత్రి, ఆ ఊళ్లోని బ్యూనా విస్టా కెఫేలో యజమాని జాక్ కెప్లర్‌తో కలిసి అలాంటిదే చెయ్యబోయాడు. రాత్రంతా కలిపారు, తాగారు. రుచి కుదర్లేదు, పైగా క్రీము మునిగిపోయింది. నాకు జరిగిందే!

కెప్లర్ ఊరుకోలేదు. ఐర్లాండ్ దాకా వచ్చి చూసి వెళ్లాడు. అప్పటికీ క్రీము తేలలేదు. చివరికి తర్వాతి కాలంలో ఆ నగరానికి మేయర్ అయిన జార్జ్ క్రిస్టఫర్‌ని అడిగారు, ఆయనకి డెయిరీ ఉంది. క్రీముని 48 గంటలు నిలవ ఉంచి, తగినంత మాత్రమే గిలక్కొడితే తేలుతుందని అక్కడ తేలింది.

జో షెరిడాన్ కథ ఐర్లాండ్‌లో ముగియలేదు. అదే 1952లో ఆయనా శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లి బ్యూనా విస్టాలోనే పనిలో చేరాడు. 1962లో పోయాడు. సమాధి శాన్‌ఫ్రాన్సిస్కో పక్కనే ఓక్లాండ్‌లో ఉంది. మ్యూజియంలో ఇది చదివి చాలాసేపు అక్కడే ఆగిపోయాను. తన దేశం పేరు పెట్టిన కాఫీని పరాయి దేశంలో కలుపుతూ, కౌంటర్ వెనక గడిపిన మనిషి. అక్కడి కస్టమర్లలో ఎంతమందికి ఆయనెవరో తెలుసో! ఆ కాఫీకి ఆయన నెలజీతం తీసుకున్నాడు, నాలాగే. ఇంటి నుంచి ఉత్తరం వచ్చిన రోజున మీగడ ఇంకాస్త జాగ్రత్తగా పోసి ఉంటాడా అని అనిపించింది.

మా పెద్దనాన్నగారి అబ్బాయి శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గరి ఫ్రీమాంట్‌లో ఉంటాడు. "అన్నయ్యా, ఒక్కసారి బ్యూనా విస్టాకి వెళ్లి చూపించవా" అని ఎన్నిసార్లు అడిగానో. జనవరిలో ఒక శనివారం వెళ్లి వీడియో కాల్ చేశాడు. అక్కడ మధ్యాహ్నం మూడు, నాకు రాత్రి పదకొండు. అమ్మ లేచే ఉంటుందని తననీ కలిపాను. వంటింటి గోడకి ఫోన్ ఆనించి పెట్టింది. వెనకాల స్టీలు ఫిల్టర్, స్టవ్ మీద పాలు.

అన్నయ్య ఫోన్ కౌంటర్ వైపు తిప్పాడు. చిన్న గ్లాసులు వరసగా పేర్చి ఉన్నాయి. తెల్లకోటు వేసుకున్న పెద్దాయన ముందు వేడి నీళ్లు పోసి ఒంపేశాడు. ఒక్కోదాంట్లో రెండేసి పంచదార బిళ్లలు. కాఫీ పోసి తిప్పాడు. విస్కీ సీసా వంచి, ఆ చివర నుంచి ఈ చివర దాకా ఎత్తకుండా పోసుకుంటూ వచ్చాడు. కొలత గిన్నె లేదు.

"కొలవకుండా పోస్తున్నాడేమిటే" అంది అమ్మ.

"అలవాటమ్మా. నువ్వు పొడి కొలుస్తావా?"

అమ్మ మాట్లాడలేదు. అతను చెంచా బోర్లించి క్రీము వదలడం మొదలుపెట్టాడు. నేను చేతిలో గుడ్డతో అలాగే నిలబడ్డాను. మొదటి గ్లాసు, రెండోది, మూడోది. అమ్మ ఫోన్‌కి మరీ దగ్గరగా వచ్చింది, తెర నిండా తన నుదురే.

"పాలు పొంగుతున్నాయి పిన్నీ" అన్నాడు అన్నయ్య.

"పొంగనీలే, అటే పెట్టు" అంది అమ్మ. "ఇంకా రెండున్నాయి."