ఇసుక మీద ఆకులు పేర్చడానికి కాగితం తెచ్చుకున్నాను

ఆఫీసు నుంచి ఇప్పుడే వచ్చాను, ఒళ్ళు మండుతుండగానే రాసేస్తున్నాను. ఓడలరేవు దగ్గర సముద్రపొడ్డు ఇసుక మీద కొబ్బరి మట్టలు, డొక్కలు, కాలవలో గుర్రపుడెక్కతో ఒక పెద్ద సుడి పేర్చాలని ఆశపడ్డాను. ఇలా ఆరుబయట, అక్కడ దొరికే వాటితోనే చేసే కళని ల్యాండ్ ఆర్ట్ అంటారు. స్కాట్లాండులో ఉండే ఆండీ గోల్డ్స్‌వర్తీ అనే కళాకారుడు ఆకుల్ని ముళ్ళతో గుచ్చి, జిగురు కూడా లేకుండా చేసి గాలికీ నీటికీ వదిలేస్తాడు. మనం ఈనెపుల్లలతో విస్తరాకు కుట్టడం లేదూ, ఆ పనే.

సరుకు మా బాబాయి తోటలో ఊరికే దొరికింది. స్కూలు పిల్లలు కూడా వస్తారు కాబట్టి అనుమతి కాగితం ఉంటే మంచిదన్నారు, అక్కడే ఇరుక్కున్నాను.

గుమాస్తా దరఖాస్తు చూసి "ఇసుక ఎన్ని ట్రాక్టర్లండీ?" అన్నాడు.

"తియ్యనండి, దాని మీద ఆకులు పేరుస్తానండి."

"పేర్చి?"

"పోటొస్తే పోతుందండి."

నిలబెట్టి గట్టిగా చదివించాడు, గదంతా వినేలా. టీ తాగుతున్న ఒకాయన "మా ఆవిడ సంక్రాంతికి ముగ్గేస్తుంది, ఆవిణ్ణీ దరఖాస్తు పెట్టుకోమంటారా?" అన్నాడు. అందరూ నవ్వారు. తర్వాత ఆ ముగ్గాయనే కట్టడం ప్లాను, లాభం వివరాలు, తొలగించాక ఫోటో కావాలని రాసిచ్చాడు! చవితికి మట్టి వినాయకుణ్ణి చేసి తొమ్మిదో రోజు గోదాట్లో కలిపే జనం మనం, అక్కడ లాభమెంతని ఎవరైనా అడిగారా? ఆ సీట్లలో కూర్చోగానే ఇవన్నీ ఎలా మర్చిపోతారో.

మీరెవరైనా వెళ్తే "కళ" అనే మాటెత్తకండి, "పిల్లల కార్యక్రమం" అనండి, పనవుతుంది. ప్లాస్టిక్ తాడు వద్దు, కొబ్బరితాడు చాలు. పోటుకీ పోటుకీ మధ్య పన్నెండు గంటల పైచిలుకు, నీరు తియ్యడం మొదలవగానే దిగితే ఆరు గంటలు మీవి. అష్టమినాడు పోటు బలహీనం, సగం మిగిలిపోతుంది. నేను పౌర్ణమి పెట్టుకున్నాను, పీచు ముక్క కూడా మిగల్లేదు. వేటకెళ్ళొచ్చిన వాళ్ళు కూడా ఆగి చూశారు, గొప్ప కాదు గానీ సుడి నిజంగా బాగా వచ్చింది.

ఇవాళ ఖాళీ ఇసుక ఫోటో ఇచ్చాను. "ఇందులో ఏదండీ?" అన్నాడు గుమాస్తా.

"అదేనండి, తొలగించాం."

ముద్ర కొట్టేశాడు. కాకినాడ నుంచి ఎవరో ఫోన్ చేసి అక్కడా చెయ్యమంటున్నారు. చేస్తాను, కాగితం మాత్రం వాళ్ళే తెచ్చుకోవాలి.